పేరు లేని గజల్

ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నలిగేవాణ్ణి అడకత్తెరలో పోకచెక్క అంటాం. అన్నదమ్ముల పొలం తగవులో, ఆఫీసులో పై అధికారుల పంతాల్లో నేనూ ఎన్నోసార్లు ఆ పోకచెక్కనయ్యాను. ఎదురుపడ్డవాడికల్లా తలూపి గండం గడుపుకున్నాను. అందుకేనేమో, ఖాజీ బుర్హానుద్దీన్ కథ తలుచుకున్నప్పుడల్లా కాస్త సిగ్గేస్తుంది.

ఆయన 1345లో అనటోలియాలోని కైసేరిలో పుట్టాడు. తండ్రి, తాత ఇద్దరూ ఖాజీలే, అంటే న్యాయమూర్తులే. తనూ కైరో, డమాస్కస్‌లలో చదువుకొచ్చి, ఇరవై దాటిన కొత్తలోనే న్యాయపీఠం ఎక్కాడు. తర్వాత వజీరయ్యాడు, పసి రాజుకు సంరక్షకుడయ్యాడు. చివరికి 1381లో తానే సుల్తానునన్నాడు. సివాస్ రాజధాని. శుక్రవారం నమాజు ప్రసంగం ఖుత్బాలో తన పేరే, నాణేల మీదా తన పేరే.

పేరైతే వచ్చింది గానీ, దాన్ని నిలబెట్టుకోవడమే కష్టం. పడమట ఒట్టోమన్ బయెజీద్, దక్షిణాన ఈజిప్టు మమ్లూకులు, తూర్పు నుంచి తైమూరు. ఖాజీగా ఉన్నన్నాళ్లూ వాదినీ ప్రతివాదినీ విని, ఎవరి పక్కా చేరకుండా తీర్పు చెప్పినవాడు. సింహాసనం మీద ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ తనే ప్రతివాది. ఒట్టోమన్ సేనను ఒకసారి ఓడించాడు. ఒకప్పుడు సివాస్‌ను ముట్టడించిన మమ్లూకులతోనే తర్వాత చేయి కలిపాడు. లొంగిపొమ్మన్న తైమూరుకు మాత్రం తల వంచలేదు. అలా దాదాపు పద్దెనిమిదేళ్లు నెట్టుకొచ్చాడు.

చివరికి ఆయన్ని చంపింది ఈ ముగ్గురిలో ఎవరూ కాదు. అక్ కొయున్లు తెగ నాయకుడు కరా యూలుక్ ఉస్మాన్, ఒకప్పుడు బుర్హానుద్దీన్ పక్షాన నిలిచినవాడే, 1398లో ఆయన్ని పట్టి చంపాడు. కొండల వైపే చూస్తూ నడిచేవాడికి కాలి కింది రాయే తగులుతుంది. సివాస్ బయెజీద్ చేతికి పోయింది. 1400లో తైమూరు వచ్చి దాన్ని నేలమట్టం చేశాడు. మరో రెండేళ్లకు అంకారా దగ్గర బయెజీదే తైమూరుకు బందీ అయ్యాడు. తలూపి ఉంటే బుర్హానుద్దీన్ మాత్రం మిగిలేవాడా అనిపిస్తుంది.

ఆయన తుర్కీ కవితల రాతప్రతి ఒకటి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆయన బతికుండగా, 1393లో రాసింది. అందులో 1300కు పైగా గజళ్లు. గజల్ చివర కవి తన పేరు పొదుగుతాడు, మన వేమన పద్యంలో మకుటంలాగా. ఈ సుల్తాను మాత్రం తన గజళ్లలో కలంపేరు వాడలేదు.

ఎందుకో ఆయనే చెప్పాలి. నాకు తోచింది ఒకటే. పగలంతా పేరు కోసం కత్తి పట్టినవాడు, రాత్రి దీపం ముందు తలపాగా తీసి పక్కన పెట్టినట్టు, ఆ పేరును కూడా కాసేపు దించి పెట్టి ఉంటాడు.