దాని చోటు

గుడివాడలో బండి తగిలి కాలు విరిగిన వీధికుక్కని బందరు తెచ్చుకుని ఎనిమిది నెలలైంది. కాలు నయమైంది, భయం పోలేదు. గిన్నె కింద పడ్డా, గొడుగు తెరిచినా మంచం కిందకి దూరిపోతుంది. పిలిస్తే రాదు. ఇప్పుడు నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. "దొరికిన చోటే వదిలెయ్ రా, వీధికుక్కలు బతకట్లేదా?" అన్నాడు స్నేహితుడు.

ఆ మాటలో కొంత న్యాయముంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, ఆపరేషన్ చేసిన వీధికుక్కని పట్టుకున్న చోటే తిరిగి వదలాలి. దానికీ ఒక చోటుందని చట్టమే ఒప్పుకుంటోంది. కానీ ఇన్ని నెలల తర్వాత వదిలితే అక్కడి కుక్కలే రానివ్వవు. ఆ చోటు పోగొట్టింది నేనే.

కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు ధర్మరాజు. అయితే ఆ కుక్క నమ్మి వెంట నడిచింది. మరి మనల్ని ఇంకా నమ్మని ప్రాణికి మనమేం బాకీ?

మా అమ్మమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన మనిషి. ఈదురుగాలి మొదలైతే ఇప్పటికీ పడుకోదు. ఎవరో ఒకరం పక్కన కూర్చుంటాం. ఇంకా ఎన్నాళ్ళీ భయమని ఇంట్లో ఎవరమూ అడగలేదు.

మాట ఇవ్వడమంటే ఇదేననుకుంటా: అవతలి ప్రాణి మారకపోయినా ఉంటాననడం. కుక్కని ఒప్పుకునే అద్దె ఇల్లు వెతుకుతున్నాను. ఆ సంగతి మంచం కింద ఉన్నదానికి తెలీదు. తెలియాల్సిన పనీ లేదు.