నీటిరంగులలో మెదక్ చర్చి: వ్యాఖ్యాన ధర్మం

పాత కట్టడాన్ని చూపే చిత్రాన్ని వివరించేటప్పుడు, ఆ చిత్రంలో లేని మనుషులను గురించి మాట్లాడే అధికారం వ్యాఖ్యాతకు ఉన్నదా? ఈ ప్రశ్న కళామీమాంసకే పరిమితం కాదు. న్యాయాన్యాయ విచారణకూ చెందుతుంది.

రాయదుర్గంలోని ఒక కార్యాలయపు గోడపై మెదక్ చర్చి నీటిరంగుల చిత్రం ఉన్నదని భావిస్తే ప్రశ్న స్పష్టమవుతుంది. అందులో కనిపించేవి 175 అడుగుల గోపురం, తేటపడిన ఆకాశం, చెట్ల నీడలు. నీటిరంగుల సంప్రదాయ పద్ధతిలో తెలుపు కోసం కాగితాన్నే విడిచిపెడతారు. ఎండ పడిన రాతిగోడ అలా విడిచిన కాగితమే. ఆ వెలుగును చూసి ప్రేక్షకుడు ‘ప్రశాంతత’ అంటాడు.

చరిత్ర మరొక సంగతి చెబుతుంది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో సుమారు పదేళ్లు సాగిన నిర్మాణం పూర్తయి, 1924 డిసెంబరు 25న చర్చి ప్రారంభమైంది. కరవు పీడించిన ఆ కాలంలో ఈ పని ఎందరికో తిండికి ఆధారమైంది. కాగితంపై విడిచిన తెలుపు వారి ఆకలికి సంకేతమని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఆ తెలుపు వెలుగు కోసం ఉన్నది; చిత్రకారునికి లేని ఉద్దేశాన్ని ఆరోపించడం వ్యాఖ్యానం అనిపించుకోదు.

మెదక్ ప్రాంతపు కొల్చారానికి చెందిన మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు రెండు హద్దులు గీసుకొన్నాడు: ఆధారం లేనిది రాయకపోవడం, అవసరం లేనిది చెప్పకపోవడం. కూలీల ప్రస్తావనకు చరిత్రలో ఆధారం ఉన్నది. అవసరం ఉన్నదా అన్నదే చిక్కు. వ్యాఖ్యాత రంగుల పొందికకు, నీడల అమరికకు పరిమితమైతే కూలీలను గురించిన మౌనం దోషం కాదు. కాని ‘పాస్నెట్ కట్టించిన చర్చి’ అన్న మరుక్షణం అతడు చిత్రాన్ని దాటి చరిత్రలో అడుగుపెట్టాడు. పాస్నెట్ కూడా చిత్రంలో లేడు. కనిపించని ఒక్కరిని పేర్కొని, కనిపించని వందలమందిని విడిచిపెట్టడం సమంజసం కాదు. అవసరం పుట్టేది ఇక్కడే.

అయితే వారిని ‘కరవు బాధితులు’ అని మాత్రమే పేర్కొన్నా న్యాయం సగమే జరుగుతుంది. ఆ మాట వారిని దయ పొందినవారిగా నిలుపుతుంది. రాయిని మలచి, ఎత్తి, పేర్చిన నేర్పును మరుగుపరుస్తుంది. అన్నం కోసం పనిచేసినవారు నిర్మాతలు కాకుండా పోరు.

ఆ చిత్రం వేలాడే గోడకు కూడా ఇదే విచారణ వర్తిస్తుంది. రాయదుర్గంలోని అద్దాల భవనాల నొసట సంస్థల పేర్లు ఉంటాయి. ఇనుము కట్టి, కాంక్రీటు పోసి వెళ్లినవారి పేర్లు ఉండవు. మెదక్ చర్చిని కట్టినవారెవరని అడిగిన ప్రేక్షకుడు తాను కూర్చున్న భవనాన్ని గురించి కూడా ఆ ప్రశ్నే అడగవలసి ఉంటుంది.