లూథరు తప్పులను ఏ తక్కెడలో తూచాలి?



అక్టోబరు 31 వస్తున్నదంటే లూథరన్ సోదరుల గుడులలో సంస్కరణ పండుగ. మన గుడిబండ, మడకశిర ప్రాంతంలో లూథరన్లు తక్కువ. ఇటు లండన్ మిషన్ వారు పనిచేశారు. వారి సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. అయినా ఉద్యోగాల వల్ల, పెళ్ళి సంబంధాల వల్ల గుంటూరు వైపు లూథరన్ కుటుంబాలతో వియ్యమందిన ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. అటువంటి ఇళ్ళలో భోజనాల దగ్గర లేచే ప్రశ్న ఒకటి ఉంది: మార్టిన్ లూథరు చేసిన తప్పులు అంత పెద్దవైతే, ఆయన బోధను గౌరవించటం ఎట్లా?

ఈ ప్రశ్నకు మనవారు ఒక జవాబు సిద్ధంగా ఉంచుకుంటారు: "చూశారా, వారి గురువు ఎలాంటివాడో!" వియ్యంకులు ఇంకొకటి చెబుతారు: "ఆ కాలమే అలాంటిది ఫాదర్!" మొదటిది ఎత్తిపొడుపు, రెండవది తప్పించుకోవటం. మాట దాటవేయకుండా అసలు ఆయన ఏమి చేశాడో ముందు చూద్దాం.

1525లో జర్మనీ రైతులు పన్నెండు కోర్కెలు వ్రాసుకున్నారు. వెట్టిబానిసత్వం పోవాలి, అడవిలో కట్టెలు, ఏటిలో చేపలు మాకూ అందాలి, మా కాపరిని మేమే ఎన్నుకోవాలి అన్నారు. బైబులు వాక్యాలు చూపి మరీ అడిగారు. లూథరు మొదట ప్రభువులనే తప్పు పట్టాడు. తిరుగుబాటు ముదిరి హింస చెలరేగాక, మే నెలలో, రైతులను పొడవండి, చంపండి అని ప్రభువులకు వ్రాశాడు. ఆ యుద్ధంలో డెబ్బై వేల నుండి లక్ష మంది దాకా చనిపోయారని చరిత్రకారుల అంచనా. వాన కోసం ఆకాశం చూసే మన వేరుసెనగ రైతుకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

దీనికంటె బరువైనది 1543లో వ్రాసిన గ్రంథం. అందులో యూదుల ప్రార్థనాలయాలను తగులబెట్టమన్నాడు, ఇళ్ళు కూల్చమన్నాడు, ప్రార్థన పుస్తకాలు లాక్కోమన్నాడు, వారి రబ్బీలు బోధించరాదన్నాడు. కోపంలో నోరు జారిన మాట కాదిది, ముద్రించి పంచిన పుస్తకం. నాజీ పత్రిక నడిపిన జూలియస్ స్ట్రైఖర్ 1946లో న్యూరెంబర్గ్ న్యాయస్థానంలో, ఈరోజు లూథరు బ్రతికి ఉంటే ఈ బోనులో నా పక్కన నిలబడేవాడు అని వాదించాడు. స్ట్రైఖర్ మాటను మనం ప్రమాణంగా తీసుకోము. కాని అటువంటివాడి చేతికి అందే ఆయుధాన్ని ఆ పుస్తకం ఇచ్చిందన్నది కాదనలేం.

"ఆ కాలమే అలాంటిది" అనే మాటలో కొంత నిజముంది, అది మనల్నీ తాకుతుంది. లూథరును ఎదిరించిన మన కతోలిక పండితుడు జాన్ ఎక్ 1541లో యూదులపై అంతే విషం కక్కాడు. 1555లో నాలుగవ పౌలు పోపుగారు రోము నగరంలోని యూదులను గోడకట్టిన పేటలో ఉంచమని ఆజ్ఞ ఇచ్చారు. అయితే కాలమంతా ఒకే గొంతుతో మాట్లాడలేదు. లూథరు పక్షంవాడే అయిన న్యూరెంబర్గు బోధకుడు ఒసియాండరు, యూదులు క్రైస్తవ పిల్లలను చంపుతారన్న నింద అబద్ధమని వ్రాశాడు. ఎక్ మండిపడింది ఆ పుస్తకం మీదనే. అంతెందుకు, యేసు యూదుడై పుట్టాడని, వారితో దయగా మెలగమని 1523లో వ్రాసింది లూథరే! వారు తన బోధను అంగీకరించనందుకే ఇరవై ఏండ్లకు ఆ దయ ఎండిపోయింది. మంచి దారి ఎరిగి తప్పినవాని నేరం కాలం మీదికి నెట్టటం న్యాయం కాదు.

సరే, మనిషిని పక్కనబెట్టి బోధను తీసుకుందాం అంటారా? తత్త్వశాస్త్ర తరగతిలో ఇది పాత ప్రశ్నే. పునీత అగుస్తీను దొనాతు వర్గంవారితో వాదించినప్పుడు, గురువు పాపి అయినా అతడిచ్చే జ్ఞానస్నానం చెల్లుతుంది, ఎందుకంటే ఇచ్చేది క్రీస్తే అన్నాడు; రాతి కాలువ నీటిని పాడుచేయదు అన్నాడు. కాని వేదాంతి పుస్తకం దివ్యసంస్కారం కాదు. అది అతని బుద్ధి నుండి, గుండె నుండి వచ్చినది. కాబట్టి అక్కడ ఇంకొక ప్రశ్న వేయాలి: ఈ తప్పు కాలువలోదా, నీటిలోదా? 1543 పుస్తకం పాత నిబంధన వాక్యాలను పేజీల కొద్దీ వివరిస్తూ వాదిస్తుంది. అంటే అది కూడా వేదాంతంగా వ్రాసినదే. "అది వేరు, బోధ వేరు" అని సులువుగా విడదీయలేం.

మరి నీరంతా విషమేనా? కాదనే నా తీర్పు. మనిషి తన పుణ్యకార్యాల బలంతో గాక దేవుని వరప్రసాదంతో నీతిమంతుడవుతాడన్నది లూథరు బోధకు గుండెకాయ. దాన్ని అతడు పునీత పౌలు రోమీయుల లేఖలో చదువుకున్నాడు. అదే లేఖ పదకొండవ అధ్యాయంలో, ఇశ్రాయేలుకు దేవుడిచ్చిన పిలుపు వెనక్కు తీసుకోబడదని పౌలు వ్రాశాడు. లూథరును దోషిగా నిలబెట్టటానికి బయటి సాక్షి అవసరం లేదు, అతడు అన్నిటికంటె ప్రేమించిన లేఖే చాలు.

ఇక తక్కెడ సంగతి. ఒక సిబ్బిలో ఆ పుస్తకం, ఇంకొక సిబ్బిలో మంచి పనులు వేసి తూచాలని మనకు తోస్తుంది. మంచి పనులు నిజంగానే ఉన్నాయి. 1842లో హేయరు గుంటూరు వచ్చాడు, బడులు వెలిశాయి, డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం ఆసుపత్రి కట్టింది, ఊరి బయట ఉంచిన మాల మాదిగల పిల్లలు పలక పట్టారు. కాని ఆలోచించండి. హిందూపురం మండీలో ఒకరికి చింతపండు బాకీపడి, ఇంకొకరింటికి బెల్లం పంపితే బాకీ తీరుతుందా? గుంటూరు పిల్లవానికి జరిగిన మేలు, ఫ్రాంక్‌ఫర్టు యూదునికి జరిగిన కీడుకు చెల్లు కాదు.

పైగా, లూథరును అతని మంచి పనుల లెక్కతో కాపాడబోయేవారు అతని బోధనే మరచిపోతున్నారు. పుణ్యాల తూకంతో ఎవరూ నీతిమంతులు కారని జీవితమంతా చెప్పినవాడు అతడు. మన శ్రీసభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో సంతకం చేసిన ప్రకటన కూడా, మన యోగ్యత వల్ల గాక వరప్రసాదం వల్లనే రక్షణ అని చెప్పింది. అటువంటప్పుడు లూథరన్ విశ్వాసి తన గురువును పాపి అనటానికి జంకనక్కరలేదు. జంకలేదు కూడా. 1983లో స్టాక్‌హోములో యూదులతో కూర్చున్న లూథరన్ ప్రతినిధులు ఆ వ్రాతలను పాపమనే పేరుతోనే పిలిచారు. గుంటూరుకు మిషనరీలను పంపిన సంఘాలకు వారసురాలైన అమెరికా లూథరన్ సంఘం 1994లో వాటిని బహిరంగంగా తిరస్కరించింది. లూథరు ఆత్మ సంగతి దేవునిది. అతడు అచ్చువేసినదానికి జవాబు చెప్పే పని అతని పేరు మోసేవారిది.

అంత దూరపు యూదుల గొడవ మనకెందుకు అనకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. వారికి సొంత ప్రార్థనాలయం ఉంది. హేయరు దిగిన జిల్లాలోనే, మన భాష మాట్లాడుతూ, మన దళితవాడల నుండి వచ్చినవారే, తోరా చదువుకుంటున్నారు. 1543 నాటి సలహా ఎవరి గుడి గురించో ఇప్పుడు ఊహించుకోండి.

మనకూ ఇదే కొలత. క్రిసోస్తోం పునీతుడు, బంగారు నోరు గలవాడని పేరు. అంతియొకయలో ఆయన యూదులపై చేసిన ప్రసంగాలు చదివితే తల వంగిపోతుంది. యూదులను విశ్వాసహీనులని పిలిచే మాట 1959 దాకా మన పవిత్ర శుక్రవారపు ప్రార్థనలో ఉండేది. ఇరవై మూడవ జాన్ పోపుగారు దాన్ని తీయించారు. క్రీస్తు మరణాన్ని నాటి యూదులందరిమీద గాని, నేటి యూదులమీద గాని మోపరాదని రెండవ వాటికన్ మహాసభ 1965లో చెప్పింది. అయినా మన ఊళ్ళలో ఆడే శ్రమల నాటకాలలో ఆ పాత మాటలు పోలేదు. కయపాకు పెట్టే గడ్డం, ఆ వెకిలి నవ్వు, "ఈ యూదజాతి" అంటూ మొదలయ్యే డైలాగులు మీరూ విన్నారు. వచ్చే తపస్సుకాలానికి నాటకం సిద్ధం చేస్తున్న యువకులు, రిహార్సల్సు మొదలుపెట్టకముందే ఆ నోటుబుక్కు తెచ్చి మీ విచారణ గురువుకు ఒకసారి చూపించండి.