నాలుగో పాదం జపమా?

మాలలు తిప్పేవాళ్లను వేమన ఎంత ఎగతాళి చేశాడో మనకందరికీ తెలుసు. మరి ఆయనే పద్యం పద్యానికీ చివర ఒకే పాదాన్ని తిప్పి తిప్పి అంటాడు గదా, అది జపం కాదా? కదిరి చుట్టుపక్కల బళ్లలో తెలుగు చెప్పినన్నాళ్లూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయన సమాధి ఉన్న కటారుపల్లె మాకు దగ్గరే, గాండ్లపెంట మండలంలో.

జవాబు ముందు ఛందస్సులో వెతకాలని నా పట్టు. ఆటవెలదిలో బేసిపాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరిపాదానికి ఐదూ సూర్యగణాలే. సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే కాబట్టి సరిపాదం నికరంగా 15 మాత్రలు. బేసిపాదం చివర్లో బరువెక్కుతుంది, సరిపాదం తేలిగ్గా దులిపేస్తుంది. ప్రాస నియమం లేదు, యతి కుదిరితే చాలు. మూడో పాదానికల్లా చెప్పాల్సింది అయిపోవాలి. నాలుగోది కొత్తగా ఏమీ మోయదు. ఆ 15 మాత్రల సేపట్లో దెబ్బ తిన్నవాడు తేరుకోవచ్చు. జపంలో మాట అరిగేకొద్దీ అర్థం వెనక్కి పోతుంది. ఇక్కడా మాట అరిగిందే, కానీ పై మూడు పాదాల అర్థం దానిమీద మోగుతుంది.

ఈ వాదం మా అవ్వ ముందు నిలవలేదు. విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ పద్యాలు చెప్పేది. మూడో పాదం మరిచిపోతే "ఊఁ ఊఁ" అని తాళం తప్పకుండా లాగి, నాలుగోదానికి కాయ టక్కున చిట్లించేది. "అర్థం యాడికి పోతే ఏమ్రా, ఆయప్పను తలుచుకుంటిమి గదా!" అనేది. కదిరి నరసింహస్వామికి గోవిందలు కొట్టేదీ ఆ నోటితోనే. వేమన వద్దన్న పనిని వేమన పేరుతోనే చేసిందన్నమాట. వానకు ఎదురుచూసే ఇంట్లో చేతికి పనీ నోటికో పాదమూ ఉంటే చాలు. అది జపమా కాదా అన్నది చదువుకున్నవాళ్ల గోల. 1928లో అనంతపురంలో వేమన మీద ఉపన్యాసాలిచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు సంగీతం తెలిసినవారు. ఆ ఊఁకారం వింటే ఏమనేవారో!

బ్రౌను 1829లో అచ్చు వేయించినా, ఏవి వేమనవో ఏవి కావో ఇప్పటికీ తేలలేదు. మూడు పాదాలు ఎవరివైనా సరే, నాలుగోది తగిలిస్తే వేమన పద్యమే. పండితులకిది తలనొప్పి. నాకు మాత్రం, "నేను" అనేదాన్ని వదలమన్నవాడికి తగిన శాస్తి జరిగిందనిపిస్తుంది.

మా వీధి పిల్లకాయలు బోరెండిపోయిందని తమాషాకు మూడు పాదాలు కట్టుకొస్తారు. రెండో పాదంలో మాత్రలు 16 అయితే కొట్టేస్తాను. నాలుగోది చూడను.