బొమ్మ లేని కష్టం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడను ముంచింది. సింగ్‌నగర్‌లో జనం మేడలెక్కారు. మనం టీవీల ముందు కూర్చుని అయ్యో అన్నాం. చేతనైనంత పంపాం. మంచి పనే చేశాం.

అంతకు మూడేళ్ల ముందు మాట. 2021 చివర్లో మన పల్నాడు మిరప తోటల్లో నల్ల తామర పురుగు దిగింది. పూవులో దూరింది. పూత రాలింది. కాపు నిలవలేదు. కానీ ఏ ఇల్లూ మునగలేదు. టీవీలో చూపించడానికి బొమ్మ లేదు. బొమ్మ లేకపోతే అయ్యో కూడా రాదు కాబోలు, నాకూ రాలేదు.

సొంత పొలమున్నవాడికి సాయం అడగడానికి కనీసం పట్టా ఉంది. కౌలు రైతుకు? తోట కౌలుది, మందులు అప్పువి, పట్టా ఆసామిది. కర్నూలు వైపు నుంచి కాయ కోతకు వచ్చే కూలీలనైతే తలచుకున్నవాళ్లే తక్కువ. వాళ్ల కష్టానికీ బొమ్మ లేదు.

మిరప కోసేవాళ్లను ఎప్పుడైనా చూశారా? కళ్లు మండితే చేత్తో తుడుచుకోరు. చేతులే కారం. భుజానికేసి రుద్దుకుంటారు. అప్పుడు పక్క సాలులో మనిషి లేచి వస్తుంది. కంట్లో ఊదుతుంది. మళ్లీ తన సాలులోకి వెళ్లిపోతుంది.