సౌరవిద్యుత్తు - శ్రావకధర్మము

గృహస్థుడు హింసను పూర్తిగా విడిచి జీవింపజాలడు. కావుననే జైనాచార్యులు బుద్ధిపూర్వకమైన సంకల్పహింసను శ్రావకుడు సంపూర్ణముగా త్యజింపవలెననియు, వృత్తివ్యాపారములలో తప్పని ఉద్యోగిహింసను సాధ్యమైనంత తగ్గించుకొనవలెననియు విధించిరి. అగ్నియందును జీవములు కలవని జైనుల విశ్వాసము. బొగ్గు కాల్చి అమ్ము వృత్తిని అంగారకర్మ యని పదునైదు కర్మాదానములలో మొదటిదిగా చేర్చిన పెద్దలు ఇంధనమును కూడ ధర్మవిషయముగనే యెంచిరి.

డీజిలు ఇంజను తీసివేసి, కప్పుమీద సోలారు పలకలు పెట్టిన పిండిమర యజమాని ఈ హింసను తగ్గించినవాడగునా?

దక్షిణదేశపు ఎండకు ఒక కిలోవాటు పలకలు సగటున దినమునకు సుమారు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చును. 5 కిలోవాట్లు పెట్టినచో 20 యూనిట్లు. 5 గుఱ్ఱపుబలముల మోటారు నాలుగైదు గంటలు నడచుటకు అది చాలును. పొగ లేదు, డీజిలు ఖర్చు లేదు. ఆ మేరకు హింస తగ్గినమాట నిజమే.

అయినను లెక్క అంతటితో తీరదు. పలక గనిలోని రాతిని కొలిమిలో కరగించి చేసినది. చెడిన సీసపు బ్యాటరీని పాతసామానులవానికి అమ్మగా, వాడు దానిని పగులగొట్టి ఆమ్లమును నేలపై పోసినచో, ఆ పాపములో అమ్మినవానికి భాగము లేదా? అట్టి బ్యాటరీలను సక్రమముగా తిరిగి చేర్చవలెనని 2022 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. చట్టము అడుగకున్నను ధర్మము అడుగును.

ఇంతకంటె పెద్ద చిక్కు మనస్సులో నున్నది. డీజిలు కొన్నంతకాలము దాని ధరయే ఆశకు హద్దుగా నుండెను. ఎండకు బిల్లు లేదు. “ఊరక వచ్చునదే కదా” యని రెండవ మర, పిదప పెద్ద బ్యాటరీలు, పిదప రాత్రిపని, పనివానికి నిద్రలేమి. పొగ పోయినది గాని పరిగ్రహము పెరిగినది. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు కుటుంబములకు ఎండతో మొదలై ఎండతో ఆగు పని క్రొత్తది కాదు.

“నేను ఆపినచో పొరుగువాడు బేరము తీసికొనిపోవును గదా” యని వర్తకుడు అడుగవచ్చును. తీసికొనిపోవును. పరిగ్రహపరిమాణవ్రతమనగా ఆ నష్టమును ముందుగనే అంగీకరించుట. నష్టము లేనిచోట వ్రతమునకు పని లేదు.

ఆదా అయిన సొమ్మునకు మార్గము కలదు. కర్ణాటకములో 1995లో సెల్కో సంస్థను నెలకొల్పినవారిలో ఒకరైన హరీశ్ హండేగారికి 2011లో మెగసెసే పురస్కారము లభించెను. నెలకు 300 రూపాయలు భారమని, దినమునకు 10 రూపాయలైన ఇచ్చుకొనగలమని బండివర్తకులు చెప్పుదురని ఆయన వివరించియున్నారు. మొత్తము ఒకటే, దినకూలితో బ్రతుకువానికి గడువే ప్రాణము. డీజిలు ఖర్చు మిగిలిన వర్తకుడు వీధిచివర కిరసనాయిలు దీపముతో కూరలమ్ము స్త్రీకి సోలారు దీపము ఇప్పించి, దినవాయిదాలకు పూచీపడినచో, ఒక మంట ఆరును, ఒక కుటుంబము నిలుచును.

పలకలు బిగించుటకు ఒకదినము చాలును. హద్దును నిలుపుకొనుట ప్రతిదినము చేయవలసిన పని. ధర్మము పలకలో లేదు, హద్దులో నున్నది.