మనోగాయము - దయాధర్మము



శరీరమునకు గాయమైనచో రక్తము కనబడును. వెంటనే కట్టు కట్టుదురు. మనస్సునకైన గాయము కంటికి కనబడదు. కనబడనంత మాత్రమున అది లేదనుట అజ్ఞానము. దానిని దయ్యమనియు, గాలిసోకినదనియు, భక్తి చాలదనియు పలుకుట అంతకు మించిన దోషము.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుపానును ఈ సీమ పెద్దలెవరును మరువలేదు. వేయిమందికి పైగా అసువులు బాసిరి. సముద్రముపై వేటకు పోయిన మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. తరతరముల కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగెను. కాలక్రమమున ఇండ్లు లేచినవి, తోటలు కాపునకు వచ్చినవి. కాని నష్టపరిహారపు పట్టీలకెక్కని నష్టమొకటి మనస్సులలో మిగులును. అదియే మనోగాయము.

ప్రతి దుఃఖమును మనోగాయము కాదు. పంట పోయిన చింత, పరీక్ష తప్పిన బాధ కష్టములే. అయినను వైద్యశాస్త్రము వానిని ఈ పేరున పిలువదు. ప్రాణమునకు ముప్పు తెచ్చు ఘోరసంఘటనను తాననుభవించుటయో, కన్నులయెదుట చూచుటయో, ఆప్తులకట్టిది జరిగెనని వినుటయో దీనికి మూలము. దీనివలన కలుగు వ్యాధిని అమెరికా మనోవైద్య సంఘము 1980లో ప్రత్యేకముగా గుర్తించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలునకు తెచ్చిన వర్గీకరణము దానికి మూడు లక్షణములు చెప్పుచున్నది. మొదటిది, గడచిపోయినది ఇప్పుడే జరుగుచున్నట్లు తోచుట. రెండవది, దానిని తలపించు చోట్లను, మాటలను తప్పించుకొని తిరుగుట. మూడవది, ముప్పు ఇంకను పొంచియున్నదని ఉలికిపడుచుండుట. ఇవి కొన్ని వారములు గడచినను వీడక, నిత్యకృత్యములకు అడ్డుపడినచో అది వ్యాధి.

2014 జూన్ 27వ తేదీ వేకువను నగరము గ్రామమున గ్యాసు గొట్టము పేలి 20 మందికి పైగా మరణించిరి. అట్టి మంటను చూచినవాడు పొయ్యి వెలిగించుటకే వెనుకాడినచో అది పిరికితనమా? కాదు. అతని మనస్సు గాయపడి ఇంకను కాపలా కాయుచున్నది. ఒకే ఆపదను చూచినవారిలో ఎక్కువమంది కాలము, ఆదరణ తోడుగా తేరుకొందురు, కొందరు తేరుకొనలేరు. "వాడు తేరుకొనెను గదా, నీకేమి?" అని ప్రశ్నించుట గాయముపై గాయము.

కల్యాణమున హరళయ్య, మధువరసులు ఘోరశిక్షకు గురియైనపుడు శరణులు చెల్లాచెదరైరని సంప్రదాయము చెప్పుచున్నది. వారి దుఃఖము భక్తిలోపము కాదు. బసవేశ్వరుడు ధర్మమునకు దయనే మూలముగా బోధించెను. కావున గాయపడినవానిని నిందించు నోటికి విభూతిధారణము శోభనియ్యదు.

మరి చేయవలసినదేమి? చెంత కూర్చుండవలెను. అతడు చెప్పినచో వినవలెను, చెప్పుమని బలవంతపెట్టరాదు. అన్నము, నిద్ర, తోడు సమకూర్చవలెను, ఇదియు దాసోహమే. బాధ వీడనిచో మనోవైద్యుని కడకు తోడుకొని పోవలెను. భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరున ఉచితముగా ఫోను చేయవచ్చును. లింగపూజ మనస్సునకు ఊరట నీయవచ్చును. అది వైద్యమునకు అడ్డు కారాదు. కాలు విరిగినవానిని వైద్యునికి చూపుట భక్తికి లోపము కానట్లే, మనస్సు విరిగినవానిని చూపుటయు లోపము కాదు.